పల్లిపాలెం రేవులో ఒక్క పూట

సంక్రాంతి దగ్గర పడుతోందంటే మా ఇంట్లో ఫోన్లు మొదలవుతాయి. హైదరాబాదు నుంచి మా మరిది, బెంగళూరు నుంచి మా చెల్లెలు. "వదినా, ఈసారి ఒక సాయంత్రం నీళ్ల దగ్గర హాయిగా కూర్చుందాం, నువ్వే ప్లాన్ చెయ్యి" అంటాడు మా మరిది. ఆ మాటన్న గంటలోపే ఫ్యామిలీ గ్రూపులో జాబితా వచ్చి పడుతుంది. అప్పనపల్లి, ఆదుర్రు స్తూపం, దిండి, అంతర్వేది గుడి, లైట్‌హౌస్, బీచి, ఆఖర్న సూర్యాస్తమయం. అన్నీ ఒకే రోజు.

నేను పుట్టిందీ పెరిగిందీ ఇప్పుడు ఉంటున్నదీ నరసాపురంలోనే. వశిష్ఠ గోదావరి మా ఇంటి నుంచి నడిచి వెళ్లేంత దూరం. అందుకే అందరూ నన్నడుగుతారు. ప్రతిసారీ ఫోన్లో ముక్కలు ముక్కలుగా చెప్పే బదులు అంతా ఒకచోట రాసి పెడదామనిపించింది. హాయిగా గడిచే సాయంత్రానికి ప్లాన్ అక్కర్లేదని నేను అనను. చాలా గట్టి ప్లాన్ కావాలి. అయితే అందులో ఉండాల్సిన చోటు ఒక్కటే. నా మటుకు అది అంతర్వేది పల్లిపాలెంలో చేపల రేవు. మిగతా ఆలోచనంతా పొద్దు గురించీ, పోటు గురించీ, వెంట వచ్చే పెద్దవాళ్ల మోకాళ్ల గురించీ.

నాలుగేళ్ల కిందట నేను కూడా ఆ జాబితాకి సరేనన్నాను. పదమూడు మందిమి, ఒక టెంపో ట్రావెలర్ మాట్లాడుకున్నాం. ఎనిమిదింటికి బయల్దేరాల్సింది తొమ్మిదిన్నర అయింది. అప్పనపల్లిలో దర్శనం, భోజనం. ఆదుర్రులో పావుగంట. దిండిలో పడవ ఎక్కుతామని పిల్లల పేచీ. అంతర్వేదిలో స్వామి దర్శనం చేసుకుని బయటికి వచ్చేసరికి అయిదూ ముప్పావు, కొబ్బరి చెట్ల వెనక ఆకాశం అప్పటికే ఎర్రబడి ఉంది. అందరినీ పోగేసి, చెప్పులు వెతుక్కుని, బండి ఎక్కించి రేవుకి చేరేసరికి ఆరూ ఇరవై. జనవరి నెల కదా, చీకటి పడిపోయింది. పిల్లలకి ఆకలి. మా అమ్మకి మోకాళ్లు పట్టేశాయి. అంతకంటే పెద్ద బాధ, మధ్యాహ్నం నుంచీ బాత్రూం కోసం ఆపుకుని కూర్చుంది, ఎవరికీ చెప్పలేదు. ఫోన్ లైటు వేసుకుని నీళ్ల అంచు దాకా వెళ్లి వచ్చాం. ఇంటికొచ్చాక కాళ్లకి నూనె రాసుకుంటూ అమ్మ మెల్లిగా అడిగింది, "ఇంతకీ గోదారి చూశామా మనం?" అని.

ఆ మాట నాకు చాలా రోజులు గుచ్చుకుంది. ఆ రోజు తప్పు డ్రైవరుదీ కాదు, గుడిలో క్యూదీ కాదు. సాయంత్రాన్ని జాబితాలో ఆఖరి పేరుగా పెట్టడమే తప్పు. గుడి రేపైనా ఉంటుంది, స్తూపం వచ్చే ఏడు చూడొచ్చు. పొద్దు మాత్రం ఎవరి కోసమూ అయిదు నిమిషాలు ఆగదు.

ఇక మొట్టమొదట తేల్చుకోవాల్సింది దిక్కు. గోవా ఫోటోలు చూసి వచ్చినవాళ్లు అంతర్వేది బీచిలో సముద్రానికి ఎదురుగా దుప్పట్లు పరుచుకుని కూర్చుంటారు. కోనసీమకి సముద్రం తూర్పునా దక్షిణానా ఉంది. పొద్దు వాళ్ల కుడి భుజం పక్క నుంచో వీపు వెనక నుంచో వెళ్లిపోతుంది. సముద్రం మీద సూర్యుణ్ణి చూడాలంటే తెల్లవారుజామునే లేచి వెళ్లాలి. సాయంత్రానికి మాత్రం ఏరు కావాలి, అందులోనూ ఏటికి తూర్పు గట్టు కావాలి.

ధవళేశ్వరం దిగువన గోదావరి గౌతమి, వశిష్ఠ పాయలుగా చీలుతుంది కదా. వశిష్ఠ నరసాపురం దాటాక దాదాపు తిన్నగా దక్షిణానికి పారి అంతర్వేది దగ్గర సముద్రంలో కలుస్తుంది. నరసాపురం పడమటి గట్టు. సఖినేటిపల్లి, అంతర్వేది తూర్పు గట్టు. అంతర్వేది పల్లిపాలెం రేవులో ఏటి వైపు తిరిగి కూర్చుంటే పడమర మన ఎదురుగానే ఉంటుంది. పొద్దు అవతలి గట్టు చెట్ల మీదకి దిగుతుంటే ఆ వెలుగు దారి ఏరంతా పరుచుకుని మన కాళ్ల దాకా వస్తుంది. మా నరసాపురం గట్టున కూర్చుంటే అదే పొద్దు మన వెనక ఊళ్లోకి దిగిపోతుంది. ఇన్నేళ్లు మా గట్టునే కూర్చున్న నాకు, పంటు (మనుషుల్నీ బండ్లనీ ఏరు దాటించే పెద్ద పడవ) ఎక్కి అవతలికి వెళ్లి కూర్చుంటేనే ఈ సంగతి బోధపడింది.

చలికాలంలో పొద్దు నైరుతి వైపు జరిగి నది నోటి వైపు వాలుతుంది, ఎండాకాలంలో వాయవ్యానికి జరిగి ఏటికి ఎగువన దిగుతుంది. రెండూ ఆ రేవు నుంచి కనిపిస్తాయి. యానాంలో గౌతమి గట్టు మీద కూడా సాయంత్రం చక్కగా ఉంటుంది, అక్కడ ఏరు చాలా వెడల్పు. కానీ అది పట్నం గట్టు. నాకు కావాల్సింది పని జరిగే రేవు.

వేళ గురించి కూడా చెప్పాలి. మన వైపు నవంబరు చివర్లో అయిదున్నర లోపే సూర్యాస్తమయం అయిపోతుంది. సంక్రాంతికి అయిదూ యాభై దగ్గర. జూన్ చివర్లో, జులై మొదట్లో ఆరూ నలభై దాకా ఉంటుంది. అంటే కార్తీకానికీ ఆషాఢానికీ గంటకి పైగా తేడా. "సాయంత్రం ఆరింటికి కలుద్దాం" అనే మాట ఏడాదిలో సగం రోజులు పనికిరాదు. సూర్యాస్తమయం ఎన్నింటికో చూసుకుని, దానికి గంటా పావు ముందు రేవులో ఉండాలి. అక్కడి నుంచి వెనక్కి లెక్కపెట్టుకుంటే ఇంట్లో ఎప్పుడు బయల్దేరాలో తేలిపోతుంది. పంటు కోసం ఆగే వేళని కూడా అందులో కలుపుకోవాలి, పండగ రోజుల్లో మాధవాయపాలెం రేవులో కార్ల వరస చాలా పొడుగుంటుంది. (ఈ మాధవాయపాలెం పేరు మీదే ఒకప్పుడు ఇంగ్లీషువాళ్లు ఒక రకం నూలు బట్టని మడపొల్లం అని పిలిచేవారు. ఇక్కడి నేత ఓడలెక్కి అంత దూరం వెళ్లింది. పంటు కోసం నిలబడినప్పుడల్లా నాకు ఆ సంగతి గుర్తొస్తుంది.)

సూర్యుడు మునిగాక లేచి వెళ్లిపోవడం రెండో పొరపాటు. మన దగ్గర వెలుగు త్వరగానే పోతుంది, అయినా ఇరవై నిమిషాల పైచిలుకు సంధ్య ఉంటుంది. అసలు రంగులన్నీ అప్పుడే. ముందు పసుపు, ఆ తరవాత కుంకుమ, ఆఖర్న వంగపండు రంగు. ఆకాశంలో కంటే నీళ్లలో అవి ఇంకొంచెంసేపు నిలుస్తాయి. వాన వెలిసిన రోజైతే గాలిలో దుమ్మంతా కడిగేసి ఉంటుంది, చెదిరిన మబ్బుల కింద నుంచి వెలుగు తగులుతుంది. భాద్రపదంలో అలాంటి సాయంత్రాలు ఒకటి రెండు దొరికినా చాలు, ఏరు ఎర్రనీళ్లతో నిండుగా ఉంటుంది. అయితే ఆ రోజుల్లో వరద హెచ్చరికలు ఉంటే పంటు ఆపేస్తారు, చించినాడ వంతెన మీదుగా చుట్టూ తిరిగి రావాలి.

ఇక పోటు, పాటు. పట్నం నుంచి వచ్చేవాళ్లు దీన్ని అసలు లెక్కలోకి తీసుకోరు. రేవుకి మాత్రం అసలైన గడియారం ఇదే. రోజుకి రెండుసార్లు నీళ్లు ఎక్కుతాయి, రెండుసార్లు దిగుతాయి. ఇవాళ మూడింటికి పోటు నిండితే రేపు మూడూ యాభై దగ్గర నిండుతుంది. అమావాస్య, పౌర్ణమి రోజుల్లో పెద్ద పోటు, అష్టమి దగ్గర చిన్నది. నది సముద్రంలో కలిసే నోటిని చేపల వేటకెళ్లేవాళ్లు మొగ అంటారు. మొగ దగ్గర ఇసుక మేటలు వేసి లోతు తక్కువగా ఉంటుంది కాబట్టి పెద్ద బోట్లు పోటు చూసుకునే లోపలికి వస్తాయి, పోటు చూసుకునే బయటికి పోతాయి. సాయంత్రం పోటు నిండే వేళకి వెళ్తే రేవు కళకళలాడుతుంది. బోట్లు ఒకదాని వెనక ఒకటి వస్తుంటాయి, గట్టు మీద బుట్టలు, ఐసు, వేలం పాట పాడేవాళ్ల కేకలు. పాటు వేళకి వెళ్తే బురద బయటపడుతుంది, చిన్న చిన్న పీతలు కన్నాల్లోంచి తొంగి చూస్తుంటాయి, కొంగలు అడుగు తీసి అడుగు వేస్తుంటాయి, బోట్లు ఒక పక్కకి ఒరిగి నిద్రపోతున్నట్టుంటాయి. రెండూ బాగుంటాయి. ఏది కావాలో ముందే అనుకుని వెళ్లమంటున్నాను, అంతే.

నన్నడిగితే పౌర్ణమికి గానీ దానికి ముందురోజు గానీ వెళ్లమంటాను. పౌర్ణమి నాడు సూర్యుడు దిగే వేళకే చంద్రుడు లేస్తాడు. ఎదురుగా ఏటి అవతల పొద్దు దిగడం చూసి, కూర్చున్నచోటే వెనక్కి తిరిగితే కొబ్బరి తలల మీద చంద్రుడు. మాఘంలో భీష్మ ఏకాదశి ఉత్సవాల రోజులు మాత్రం దీనికి వద్దు. లక్ష్మీనరసింహస్వామి కల్యాణానికి, రథానికి వేల మంది వస్తారు. అది వేరే ఆనందం, జనంలో కలిసిపోయే ఆనందం. దాన్ని దానిలాగే అనుభవించాలి.

అలా ఒక జనవరిలో, పుష్య పౌర్ణమికి ముందురోజు, మా అమ్మని తీసుకెళ్లాం. నేను, మా ఆయన, మా చెల్లెలి కూతురు, అమ్మ. నలుగురమే. మధ్యాహ్నం భోజనం ఇంట్లోనే చేసి మూడింటికి బయల్దేరాం. ఒక మడత కుర్చీ, చాప, మంచినీళ్లు, ఉడకబెట్టిన తేగలు, దోమల కోసం పూత మందు. ఇంకేమీ లేదు. పంటు దాటాక దారి పొడుగునా కొబ్బరి తోటలు, తోటల మధ్య రొయ్యల చెరువులు. చెరువుల్లో ఏరేటర్లు నీళ్లని ఎగజిమ్ముతుంటే ఏటవాలు ఎండ ఆ తుంపర్ల మీద పడి మెరుస్తోంది. గుడి ముందు ఆగలేదు. అమ్మ కారులోంచే దణ్ణం పెట్టుకుంది. మామూలుగా అయితే ఆగకపోతే ఒప్పుకోదు, "రేపు పొద్దున్న ప్రత్యేకంగా వద్దాం" అంటే ఊరుకుంది.

నాలుగున్నరకి రేవులో ఉన్నాం. నీళ్లు అప్పుడే ఎక్కుతున్నాయి. వలలు ఆరేసిన చోటికి దూరంగా, బండ్లు తిరిగే దారికి అడ్డం కాకుండా ఉన్నచోట అడిగి కుర్చీ వేశాం. "కూచోండమ్మా, ఎవరొద్దన్నారు, ఆయ్" అన్నాడు అక్కడ వల బాగుచేసుకుంటున్న పెద్దాయన. అరవై దాటి ఉంటాయి. వల అంచుని కాలి బొటనవేలికి తగిలించి బిగువుగా లాగి పట్టుకున్నాడు. చేతిలో చదునైన సూది, దాని కడుపులో నూలు చుట్టి ఉంది. తెగిన వల కన్ను దగ్గర పాత నూలుని కోసేసి, సూదిని కింద నుంచి పైకి తీసి, చిటికెన వేలితో నూలుని పక్కకి తోసి, బొటనవేలితో అదిమి లాగితే ముడి పడింది. మళ్లీ అంతే. ఆయన కళ్లు వల మీద లేవు. ఏటి మీదే ఉన్నాయి.

మా అమ్మ చేతిలో కూడా పని ఉంది. నరసాపురం చుట్టుపక్కల ఆడవాళ్లకి లేసు అల్లిక చిన్నప్పటి నుంచీ చేతికి అలవాటైన పని. 2024లో ఈ అల్లికకి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. అమ్మకి ఇప్పుడు చూపు సరిగా ఆనకపోయినా సూది, దారపుండ లేకుండా గడప దాటదు. కాసేపటికి ఆయనే అడిగాడు.

"ఏంటమ్మా అది, గుడ్డ మీద వేసేదా?"

"అవును బాబూ, టేబుల్ గుడ్డ అంచు."

"రేటు బాగా ఇత్తారా?"

"ఎక్కడిస్తారు. దారం వాళ్లది, కళ్లు మనవి."

ఆయన నవ్వలేదు. తల ఊపాడు. "మాదీ అంతేనండి. వల ఓనరుది, వేళ్లు మావి" అని అరచెయ్యి చాపి చూపించాడు. చూపుడు వేలి పక్కన నూలు కోసుకుపోయి కాయకాచిన గాడి. అమ్మ కూడా తన చూపుడు వేలు చూపించింది. చిన్న గాడి, అదే చోట. మా చెల్లెలి కూతురు ఇద్దరి వేళ్లనీ మార్చి మార్చి చూసింది.

తరవాత అమ్మ ఆయన్ని ముడి మెల్లిగా వెయ్యమని అడిగింది. ఆయన నాలుగుసార్లు వేసి చూపించాడు. లేసులో కుట్టుని లాగితే ఊడొస్తుంది, వల ముడి లాగిన కొద్దీ బిగుసుకుంటుంది. "ఇది జారదన్నమాట" అంది అమ్మ. "జారితే చేప పోద్ది కదమ్మా" అన్నాడాయన. ఈ మాటల్లో పొద్దు ఎప్పుడు దిగిందో నేను సరిగా చూడనే లేదు. తలెత్తేసరికి సగం మునిగి ఉంది. మొగ వైపు నుంచి రెండు బోట్లు నల్లగా, వెలుగు దారిని కోసుకుంటూ వస్తున్నాయి. అవి దాటాక వాటి అలలు మెల్లిగా గట్టుకి వచ్చి తగిలాయి. అమ్మ అల్లిక ఒళ్లో పెట్టుకుని అలా చూస్తూ ఉండిపోయింది. వెనక చంద్రుడు అప్పటికే చెట్ల మీదకి వచ్చేశాడు.

మోకాళ్ల నొప్పి గురించి ఆ సాయంత్రం ఒక్క మాట కూడా అనలేదు అమ్మ. నాకు కావాల్సిన సాయంత్రం అది.

ఇక్కడ ఒక మాట కచ్చితంగా చెప్పాలి. రేవు మన కోసం పెట్టిన పార్కు కాదు. అది వాళ్ల పని చోటు, వాళ్ల వాకిలి. ఆరేసిన వలల మీద నడిస్తే వాటి కళ్లు తెగుతాయి, బాగుచెయ్యడానికి ఒక మనిషికి ఒక పూట పడుతుంది. పడవ ముక్కుకి పసుపు కుంకుమ పెట్టి ఉంటుంది, ఫోటో కోసం చెప్పులతో దాని మీదకి ఎక్కడం మన పూజగదిలోకి చెప్పులతో వచ్చినట్టే. చేపలు ఏరుకుంటున్న ఆడవాళ్ల మొహాల మీదకి ఫోన్ పెట్టకండి. అడిగితే చాలాసార్లు సరేనంటారు, వద్దంటే వద్దనే. బోటు గట్టుకి చేరే వేళకి తాడు పడే దారిలో నిలబడకండి, పిల్లల్ని అసలు నిలబెట్టకండి. "చేపల కంపు" అని ముక్కు మూసుకునే చుట్టాలుంటే వాళ్లని ఇంకెక్కడికైనా తీసుకెళ్లండి. ఆ వాసన వాళ్ల అన్నం.

ఆ ఊళ్లో మనం దణ్ణం పెట్టుకునే గుడి కూడా గంగమ్మని నమ్ముకున్నవాళ్ల పూనికతోనే నిలబడింది. 1823లో పూర్తయిన ఇప్పటి అంతర్వేది ఆలయాన్ని కట్టించిన కొపనాతి కృష్ణమ్మ మత్స్యకార కులమైన అగ్నికులక్షత్రియుడు. గుడి దగ్గర భక్తిగా ఉండి రేవు దగ్గర బిస్కెట్ కవర్లు పారేసి వచ్చేవాళ్లని చూస్తే నాకు నిజంగా కోపం వస్తుంది.

రేవుని టూరిస్టు స్పాటుగా అభివృద్ధి చెయ్యాలని మా మరిది లాంటి వాళ్లు అంటారు. వాళ్ల మనసులో ఉన్నది రంగు లైట్లు, ఊరి పేరుతో పెద్ద పెద్ద ఇంగ్లీషు అక్షరాలు, పాటలు వచ్చే స్పీకర్లు. నేను ఒప్పుకోను. ఎదురుగా అంత పెద్ద ఏరు, ఆకాశం ఉంటే లైటు ఎందుకు? పక్కనే ఉన్న తీరానికి జనవరి నుంచి మార్చి దాకా ఆలివ్ రిడ్లే తాబేళ్లు రాత్రిపూట గుడ్లు పెట్టడానికి వస్తాయి. పిల్లలు బయటికొచ్చాక వెలుగు కనిపించిన వైపు పాకుతాయి. సహజంగా అయితే ఆ వెలుగు సముద్రం వైపు ఉంటుంది. మనం ఇటు పక్క ఫ్లడ్‌లైట్లు పెడితే అవి ఇటే వచ్చి చచ్చిపోతాయి.

నిజంగా కావాల్సినవి అడుగుతాను. ఆడవాళ్లకి ఒక శుభ్రమైన బాత్రూం, తలుపుకి గడియ, లోపల నీళ్లు. పడమటి వైపు తిరిగి ఉన్న నాలుగు బల్లలు, వీపు ఆన్చుకునేవి. మూత ఉన్న చెత్త డబ్బాలు, వాటిని ఖాళీ చేసే మనిషికి జీతం. అంతే. ఇవి చేపలమ్ముకునే ఆడవాళ్లకీ కావాలి, మా అమ్మకీ కావాలి. తెల్లవారుజాము నుంచి చీకటి పడేదాకా రేవులో ఉండే ఆ ఆడవాళ్లు ఎక్కడికి వెళ్తున్నారో టూరిజం గురించి మాట్లాడేవాళ్లు ఒక్కసారి ఆలోచించాలి. మా అమ్మ ఒక్క రోజు ఆపుకుంది. వాళ్లకది రోజూ ఉండే బాధ. ఆ బాత్రూం వచ్చేదాకా నా ప్లాన్‌లో ఇలా రాసుకుంటాను: పంటు ఎక్కే ముందే ఇంట్లో బాత్రూంకి వెళ్లి రావడం, దారిలో తెలిసినవాళ్ల ఇల్లు ఒకటి చూసి పెట్టుకోవడం, రేవులో రెండున్నర గంటలకి మించి పెద్దవాళ్లని కూర్చోబెట్టకపోవడం.

నీళ్లలోకి దిగడం గురించి నాది ఒకటే మాట, వద్దు. అన్నాచెల్లెళ్ల గట్టు దగ్గర ఏటి నీళ్లూ సముద్రం నీళ్లూ కలిసేచోటు చూడ్డానికి నిమ్మళంగానే ఉంటుంది. అడుగున ఇసుక ఇవాళ ఉన్నచోట రేపు ఉండదు, పాటు వేళ నీళ్లు సముద్రంలోకి గుంజుకుపోతాయి. ఈత వచ్చినవాళ్లు కూడా పోయారు. ఇసుక తిన్నెల మీద పోటు ఎక్కే వేళ దూరం నడిచి వెళ్లకండి, వెనక్కి వచ్చే దారి మూసుకుపోతుంది. ఈ మధ్య ఏళ్లలో అమావాస్య, పౌర్ణమి రోజుల్లో సముద్రం అంతర్వేది బీచిలో దుకాణాల దాకా వస్తోంది. గోదావరి మోసుకొచ్చిన ఒండ్రుతోనే పుట్టిన నేల మనది. ఆ ఒండ్రు ఎగువన ఆనకట్టల వెనక ఆగిపోతుంటే సముద్రానికి అడ్డేముంది? పల్లిపాలెం వాళ్లతో ఒక్క పది నిమిషాలు కూర్చుంటే ఏ ఏడు ఎంత నేల పోయిందో వేలు పెట్టి చూపిస్తారు.

అక్టోబరు నుంచి డిసెంబరు దాకా తుఫాను కబురు చూసుకోకుండా కదలకూడదు. 1996 నవంబరు 6 రాత్రి వచ్చిన కోనసీమ తుఫానుకి వేటకెళ్లిన వందల మంది తిరిగి రాలేదు. రేవులో ఆ మాటెత్తితే ఇప్పటికీ గొంతులు తగ్గుతాయి. హైదరాబాదులో ఉన్న సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ అలల హెచ్చరికలు ఇస్తుంది, వాతావరణ శాఖ బులెటిన్లు ఫోన్లోనే వస్తాయి. అన్నిటికంటే తేలికైన గుర్తు రేవులోనే ఉంది: వేటకి వెళ్లాల్సిన బోట్లన్నీ లోపలే కట్టేసి ఉంటే మనం కూడా ఇంటికి వెళ్లిపోవాలి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు, ఎలాగూ వేట నిషేధం. అప్పుడు బోట్లు గట్టెక్కి ఉంటాయి. రంగులు వేస్తుంటారు, ఇంజన్లు విప్పుతుంటారు, వలలు కుడుతుంటారు. చేపలు దొరకవు కానీ మాట్లాడే తీరిక వాళ్లకి దొరికేది ఆ రోజుల్లోనే. తాటిముంజలు కూడా అప్పుడే.

తిండి గురించి పెద్దగా చెప్పడానికేం లేదు. చలికాలం తేగలు, వేసవిలో ముంజలు, ఎప్పుడైనా కొబ్బరి బొండాలు. నగరం అనే ఊరి తీపి పలహారం గరాజీలు దొరికితే పిల్లలకి. ప్లాస్టిక్ పళ్లేలు, కేకు, కొవ్వొత్తులు వద్దు. వెళ్లేటప్పుడు మాత్రం చేపలు అక్కడే కొనండి. మొప్పలు ఎర్రగా, కన్ను తేటగా ఉన్నాయో లేదో చూసుకుని, కొద్దిగా ఐసు వేయించుకుని తీసుకెళ్లండి. రేవులో కూర్చున్నందుకు రేవుకి నాలుగు డబ్బులు ఇచ్చినట్టూ ఉంటుంది. అమ్మే ఆవిడతో బేరం మరీ సాగదీయకండి. ఆ రోజు మేము కిలో మాగ చేప తీసుకున్నాం. రాత్రే పులుసు పెట్టి, మర్నాడు తిన్నాం.

ఆరున్నరకి చాప దులిపి మడిచాం. దోమలు అప్పటికే మొదలయ్యాయి. పెద్దాయన వల చుట్టేసి భుజాన వేసుకుంటూ, "మళ్లీ రండమ్మా, చీకట్లో జాగర్తగా ఎల్లండి" అన్నాడు. పంటు మీద కారు దిగి రెయిలింగు పట్టుకుని నిలబడ్డాం. ఏటి మధ్యలో ఇంజను చప్పుడు తప్ప ఇంకేమీ లేదు, చంద్రుడి వెలుగు పంటు వెంటే వస్తోంది. మా చెల్లెలి కూతురు వాళ్ల నానమ్మకి ఫోన్ చేసి పీతల గురించి చెబుతోంది.

అమ్మ ఇంటికొచ్చాక లేసు దారంతో ఆ వల ముడి వెయ్యాలని చూసింది. రెండు రోజులు చూసింది. చిటికెన వేలు ఎటు తిప్పాలో గుర్తు రావడం లేదట, ముడి జారిపోతోంది. ఈ సంక్రాంతికి మా మరిది జాబితా పంపగానే అమ్మకి చదివి వినిపించాను. "అవన్నీ వాళ్లని చూసుకోమను. పౌర్ణమి ఎప్పుడో క్యాలెండర్ చూడు, ఆ పెద్దాయన్ని ముడి ఇంకోసారి అడగాలి" అంది.